గో-అరౌండ్: దిగబోయిన విమానం మళ్ళీ పైకి ఎందుకు లేస్తుంది?

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- గో-అరౌండ్ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
- రద్దీ విమానాశ్రయాల్లో దాని అవసరాన్ని లెక్కతో వివరించగలుగుతారు.
- ఆ నిర్ణయం ఆలస్యమైతే కలిగే ప్రమాదాన్ని గుర్తించగలుగుతారు.

1. అర్థం

రన్‌వేపై దిగడానికి వస్తున్న విమానం ఆ ప్రయత్నాన్ని విరమించి తిరిగి పైకి వెళ్ళడమే గో-అరౌండ్. ఈ నిర్ణయాన్ని పైలట్ తీసుకోవచ్చు. కంట్రోల్ టవర్ కూడా ఆదేశించవచ్చు. పైలట్ ఇంజన్ల శక్తిని పెంచి, విమానం ముక్కును పైకెత్తి, ఫ్లాపులను కొంతవరకు లోపలికి తీసుకుంటారు. ఎత్తు పెరుగుతున్నదని నిర్ధారించుకున్నాక చక్రాలను ముడుస్తారు. విమానం వెళ్ళవలసిన మార్గం ముందుగానే నిర్దేశించి ఉంటుంది. ప్రయాణికులకు ఇది భయం కలిగించవచ్చు గాని, పైలట్లు సిమ్యులేటర్‌లో పదేపదే సాధన చేసే విధానమిది.

2. రద్దీ వల్ల కలిగే ఇబ్బంది

ముంబయి విమానాశ్రయంలో రెండు రన్‌వేలు ఒకదానినొకటి ఖండించుకుంటాయి. కాబట్టి రెండింటినీ స్వతంత్రంగా ఒకేసారి వాడడం కుదరదు. ఇటువంటి చోట ప్రతి సెకనూ విలువైనదే. ఒక ఉదాహరణ చూద్దాం.

దిగడానికి వస్తున్న రెండు విమానాల మధ్య 3 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 5.5 కి.మీ. ఎడం ఉందనుకోండి. వెనక విమానం గంటకు 260 కి.మీ. వేగంతో వస్తుంటే ఆ దూరం దాటడానికి సుమారు 76 సెకన్లు పడుతుంది. ముందు విమానం రన్‌వేను ఖాళీ చేయడానికి 55 సెకన్లు తీసుకుంటే మిగిలేది 21 సెకన్లే. అది మలుపు దాటిపోయి తరవాతి మలుపు వరకు వెళ్ళిందంటే ఆ వ్యవధి కూడా కరిగిపోతుంది. అప్పుడు వెనక విమానం గో-అరౌండ్ చేయవలసిందే.

3. ఇతర కారణాలు

నిర్ణీత ఎత్తుకు దిగినా రన్‌వే గాని, దాని దీపాలు గాని కనిపించకపోవడం, గాలి దిశ, వేగం హఠాత్తుగా మారడం, రన్‌వేపై వాహనమో జంతువో ఉండడం, విమానం వేగం లేదా ఎత్తు నిర్ణీత పరిమితుల్లో లేకపోవడం.

4. రెండు సంఘటనలు

2017 జులై 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా పైలట్లు ట్యాక్సీవేను రన్‌వేగా పొరబడ్డారు. దానిపై నాలుగు విమానాలు టేకాఫ్ కోసం వేచి ఉన్నాయి. విమానం సుమారు 60 అడుగుల ఎత్తు వరకు దిగి, గో-అరౌండ్‌తో పైకి లేచింది. ఎవరికీ హాని జరగలేదు.

2010 మే 22న మంగళూరులో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడ సమస్య రద్దీ కాదు. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉండవలసిన దానికంటే ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో వచ్చింది. గో-అరౌండ్ చేయమని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ల్యాండింగ్‌నే కొనసాగించారని విచారణలో తేలింది. విమానం రన్‌వేలో సగానికి పైగా దాటాక నేలను తాకి, చివర ఆగలేక లోయలోకి జారింది. అందులోని 166 మందిలో 158 మంది మరణించారు.

5. సారాంశం

గో-అరౌండ్ వల్ల కొంత ఇంధనం, కొన్ని నిమిషాలు ఖర్చవుతాయి. ఆ ఇంధనాన్ని ముందే లెక్కవేసి నింపుతారు. కాబట్టి గో-అరౌండ్‌ను పైలట్ వైఫల్యంగా భావించరాదు. చేయవలసిన సమయంలో చేయకపోవడమే అసలు ప్రమాదం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో ముందు విమానం రన్‌వేపై 80 సెకన్లు ఉంటే ఏమవుతుంది?
2. కో-పైలట్ హెచ్చరికను కెప్టెన్ ఎందుకు పాటించాలి? మంగళూరు సంఘటన ఆధారంగా చర్చించండి.