వార్తల్లో పదం: ట్రెయిట్ వాల్యూ

బీటీ పత్తిలో కాయతొలుచు పురుగును అడ్డుకునే జన్యువు ఒక కంపెనీది. దాన్ని వాడుకున్నందుకు విత్తన కంపెనీలు కట్టే రుసుమే ట్రెయిట్ వాల్యూ. చివరికి ఆ భారం మోసేది రైతే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అరికట్టే ఎంఆర్‌టీపీ కమిషన్‌ను ఆశ్రయించింది. ఆ ఏడాదే ధర 750కి దిగింది. 2020లో కేంద్రం ఈ రుసుమును పూర్తిగా తీసేసింది.

నంద్యాల, ఆళ్లగడ్డ చేలల్లో ఈ పత్తి హైబ్రిడ్ విత్తనం చేతులతోనే తయారవుతుంది. సాయంత్రం మొగ్గ విప్పి పుంకేసరాలు తీసేస్తారు, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి అద్దుతారు. పువ్వు పువ్వుకూ ఇదే పని. రుసుముల గొడవలో ఈ కష్టం ఊసే రాలేదు.

నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన నరసింహ పత్తి రకం గింజను రైతు దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. హైబ్రిడ్‌ను ఏటా కొనాల్సిందే. ధర తగ్గించడం న్యాయమే, కానీ ఎంపిక తగ్గిపోవడం అంతకంటే పెద్ద నష్టం. గులాబీ రంగు పురుగు రెండో తరం బీటీ పత్తి బీజీ-2కు లొంగడం మానేసినా అంగడి నిండా అదే. కలుపుమందును తట్టుకునే పత్తికి అనుమతి లేదు, అయినా చాటుగా అమ్ముతున్నారు. అది మొలవకపోతే రైతు చేతిలో బిల్లు కూడా ఉండదు.