ఇంటి ఎరువులు, పొలం మట్టి: కరీంనగర్, ఆదిలాబాద్ నేలల్లో సేంద్రియ మిశ్రమాల తయారీ

1. పరిచయం

ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ నది అవతలికి వెళితే మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం. మన రైతులు ఇవాళ ఇంటి దగ్గర తయారుచేసుకుంటున్న రెండు ప్రసిద్ధ సేంద్రియ పద్ధతులు అక్కడినుంచే వచ్చాయి. ఒకటి యవత్మాల్ జిల్లా పుసద్‌కు చెందిన ఎన్.డి. పండరీపాండే రూపొందించిన నాడెప్ కంపోస్టు. ఆయన పేరులోని అక్షరాలే ఆ పద్ధతికి పేరయ్యాయి. రెండవది అమరావతి జిల్లా బేలోరాకు చెందిన సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతం. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది.

ఈ రెండూ చూడటానికి ఒకే కోవకు చెందినవిగా కనిపిస్తాయి. రెండింటిలోనూ ఆవు పేడ (మన ప్రాంతంలో పెండ అంటాం) ఉంటుంది, మట్టి ఉంటుంది, రెండూ ఇంటి దగ్గరే తయారవుతాయి. కానీ పొలంలో ఇవి చేసే పనులు వేరు. ఒకటి చేయవలసిన పనిని రెండవదానికి అప్పగించినప్పుడు పంట ఆకలితో ఉండిపోతుంది. యూరియా మానేసి జీవామృతం మీదనే ఆధారపడిన రైతు మొదటి సంవత్సరంలోనే పత్తి ఆకులు పసుపు రంగుకు తిరగడం చూసి, 'సేంద్రియం మన నేలకు పనికిరాదు' అనే నిర్ణయానికి రావడం కద్దు. అక్కడ తప్పు సేంద్రియ పద్ధతిది కాదు, లెక్కది. ఈ పాఠంలో ఆ లెక్కను నేర్చుకుందాం. అంతకంటే ముందు మట్టిని గుర్తించాలి.

2. మీ మట్టి ఏది?

పూర్వపు కరీంనగర్ జిల్లాలో (2016 అక్టోబరు తరువాత కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల మొదలైన జిల్లాలుగా మారింది) ఎక్కువ విస్తీర్ణంలో గ్రానైట్ రాయి అరిగి ఏర్పడిన ఎర్ర నేలలు ఉన్నాయి. వీటినే రైతులు చల్క అనీ, ఇంకా ఇసుకపాలు ఎక్కువైతే దుబ్బ అనీ పిలుస్తారు. చల్కలో నీరు త్వరగా ఇంకిపోతుంది. ఇంకే నీటితోపాటు నత్రజని కూడా వేళ్ళకు అందకుండా కిందికి దిగిపోతుంది. ఆదిలాబాద్ వైపు బసాల్ట్ రాయి నుంచి ఏర్పడిన నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దీనిలో బంకమట్టి పాలు 40 శాతం దాటి ఉంటుంది. సున్నం ఉండటం వల్ల ఉదజని సూచిక సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది.

పుస్తకంలో ఇలా రెండుగా విడదీసి చెప్పడం తేలికే. ఒకే సర్వే నంబరులో పై మడి చల్కగా, పల్లం మడి రేగడిగా ఉండటం మన ప్రాంతంలో మామూలు. అందుకని ఇంట్లోనే చేయగల ఒక పరీక్ష తెలుసుకోండి.

కార్యక్రమం: లీటరు గాజు సీసాలో మూడోవంతు మట్టి నింపండి. రాళ్ళు, వేళ్ళు ముందే ఏరివేయాలి. మెడ వరకు నీళ్ళు పోసి, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి, మూతపెట్టి అయిదు నిమిషాలు గట్టిగా కుదపండి. కదలకుండా పెట్టండి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు మూడు గంటల్లో దానిమీద పేరుకునేది ఒండ్రు. మరుసటి రోజుకు గానీ తేరుకోనిది బంకమట్టి. మూడు పొరల ఎత్తును స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాయండి. ప్రయోగశాల పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు. సేంద్రియ కర్బనం, భాస్వరం, జింకు సంగతి సీసా చెప్పదు. వాటికోసం భూసార పరీక్ష చేయించవలసిందే. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ స్థాయి, 0.75 దాటితే ఎక్కువ స్థాయి అని నివేదికల్లో రాస్తారు.

3. మట్టికి మట్టి కలపడం

చల్కకు బంకమట్టి కొరత. దానికి మన ప్రాంతంలో తాతల కాలంనుంచి ఉన్న మందు చెరువు మట్టి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో పూడిక తీసినప్పుడు ఈ పాత అలవాటు మళ్ళీ పెద్ద ఎత్తున కనిపించింది. అయితే ఎంత తోలితే ఎంత మార్పు వస్తుందో ముందే అంచనా వేసుకోవాలి.

ఒక ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. ట్రాక్టరు ట్రాలీకి మూడు టన్నుల లెక్కన 30 ట్రాలీలు తోలితే 90 టన్నులు, అంటే పదోవంతు. మీ చల్కలో బంకమట్టి 12 శాతం, చెరువు మట్టిలో 50 శాతం ఉన్నాయనుకుందాం. కలిపిన తరువాత బంకమట్టి సుమారు 15.5 శాతం అవుతుంది. మూడున్నర శాతమేనా అనిపించవచ్చు. ఇసుక నేలలో ఆ మాత్రం పెరుగుదలే రెండు వానల మధ్య ఎడం వచ్చినప్పుడు మొక్క వాడకుండా మరికొన్ని రోజులు ఆగేలా చేస్తుంది. ఒకసారి తోలిన మట్టి కొన్ని సంవత్సరాలు పనిచేస్తుంది కనుక ఏటా తోలనక్కరలేదు.

రేగడికి చెరువు మట్టి తోలడం వృథా. ఉన్న బంకమట్టికే మరింత బంకమట్టిని కలిపినట్లవుతుంది. అలాగే రేగడిని గుల్లగా చేయడానికి కొంచెం ఇసుక కలపాలని కొందరు చెబుతారు. కుండీలో అది సాధ్యమేమో కానీ పొలంలో ఫలితం కనిపించాలంటే వందల టన్నులు కావాలి. కొద్దిగా కలిపితే ఇసుక రేణువుల మధ్య బంకమట్టి దూరి, ఎండినప్పుడు ఇటుకలా బిగుస్తుంది. రేగడిని గుల్లబరచేది బాగా చివికిన సేంద్రియ పదార్థమే.

చెరువు మట్టి తెచ్చేముందు కూడా లవణాల పరీక్ష చేయించండి. మురుగునీరు చేరే చెరువుల పూడికను కూరగాయల మళ్ళకు వాడకండి.

4. పెంట, కంపోస్టు

బాగా మాగిన పశువుల ఎరువులో (పెంటలో) నత్రజని సుమారు 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం ఉంటాయి. టన్నుకు అయిదు కిలోల నత్రజని అన్నమాట. ఇది నీడలో, గుంతలో, పశువుల మూత్రం ఇంకిన గడ్డితో కలిపి మాగబెట్టిన పెంట సంగతి. ఊరి బయట ఎండకూ వానకూ వదిలేసిన కుప్పలో నత్రజని కొంత గాలిలో కలుస్తుంది, కొంత వాననీటితో పోతుంది. ఎత్తుకుపోయేవారు లేకపోయినా కుప్ప దోపిడీ అవుతూనే ఉంటుంది.

మాగని పెండను నేరుగా పొలంలో వేస్తే కలుపు విత్తనాలు, వేరు పురుగు వెంట వస్తాయి. పసుపు వేసే రైతులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

పశువులు తక్కువగా ఉన్న ఇంటికి నాడెప్ పద్ధతి బాగా సరిపోతుంది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు ఉన్న ఇటుక తొట్టి కట్టి, గాలి ఆడటానికి గోడల్లో రంధ్రాలు వదులుతారు. సుమారు 1,400 నుంచి 1,500 కిలోల చెత్త, 100 కిలోల పెండ, 1,750 కిలోల జల్లించిన మట్టి పొరలు పొరలుగా వేసి, తడిపి, పైన మట్టి, పెండ కలిపి అలుకుతారు. మూడు నాలుగు నెలల్లో కంపోస్టు సిద్ధమవుతుంది. పెండ ఎంత తక్కువో గమనించండి. మట్టి ఎంత ఎక్కువో కూడా గమనించండి. నాడెప్ ఎరువు బరువులో సగానికి పైగా మట్టే. కాబట్టి ట్రాలీల సంఖ్య చూసి మురిసిపోకూడదు.

ఈ తొట్టిలో వేసే చెత్త గురించి ఒక మాట. వరిగడ్డిలో ప్రతి ఒక పాలు నత్రజనికి 70, 80 పాళ్ళ కర్బనం ఉంటుంది. పత్తి కట్టె కూడా అటువంటిదే, పైగా గట్టిది. సూక్ష్మజీవులు హాయిగా పనిచేయాలంటే ఈ నిష్పత్తి 30కి దగ్గరగా ఉండాలి. పచ్చి గడ్డిని, పత్తి కట్టె పొట్టును నేరుగా మట్టిలో కలిపి వెంటనే విత్తితే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి. మొక్కకు మిగలదు. అందుకే కట్టెను ముక్కలు చేసి, పెండ, పచ్చిరొట్ట, మూత్రం కలిపి తొట్టిలో మాగబెట్టిన తరువాతే పొలానికి చేర్చాలి. కరీంనగర్ వైపు వరికొయ్యలను, ఆదిలాబాద్ వైపు పత్తి కట్టెను తగలబెట్టినప్పుడు పోయేది ఈ తొట్టికి అందవలసిన ముడిసరుకే.

5. జీవామృతం ఏమి చేస్తుంది?

తయారీ అందరికీ తెలిసినదే. 200 లీటర్ల నీటిలో 10 కిలోల తాజా పెండ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టుమీది పిడికెడు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కలియబెట్టాలి. వారం లోపల వాడుకోవాలి. ఇది ఒక ఎకరానికి.

ఇప్పుడు దీనిలో నత్రజని ఎంతో లెక్కవేద్దాం. పది కిలోల తాజా పెండలో సుమారు 35 గ్రాములు. పది లీటర్ల మూత్రంలో సుమారు 100 గ్రాములు. రెండు కిలోల పిండిలోని మాంసకృత్తుల నుంచి సుమారు 70 గ్రాములు. బెల్లంలో చెప్పుకోదగినది లేదు. మొత్తం 200 గ్రాముల చిల్లర. నెలకు రెండుసార్లు చొప్పున అయిదు నెలలు పోసినా రెండు కిలోలు. ఎకరం పత్తికి సిఫారసు చేసే నత్రజని 48 నుంచి 60 కిలోలు. 45 కిలోల యూరియా బస్తా ఒక్కదానిలోనే 20 కిలోలకు పైగా ఉంటుంది.

అయితే జీవామృతం పనికిరాదా? ఆ మాట తొందరపాటు. ఇది ఎరువు కాదు, సూక్ష్మజీవుల తోడు అని పాలేకర్ కూడా చెబుతారు. పాలలో చెంచాడు తోడు వేస్తే పెరుగు అవుతుంది. ఖాళీ గిన్నెలో తోడు వేస్తే ఏమవుతుంది? పెంట, పచ్చిరొట్ట, ఆచ్ఛాదన ఉన్న మట్టిలో జీవామృతం పనిచేయడానికి అవకాశం ఉంది. 0.3 శాతం కర్బనం ఉన్న బోడి చల్క మీద పోస్తే ఆ జీవులు తినడానికి ఏమీ లేదు.

నీమాస్త్రం, దశపర్ణి కషాయం వంటివి పురుగుల కోసం చేసేవి. వాటిని ఎరువుల లెక్కలో చేర్చకండి.

6. మిగిలిన సరుకులు

వేపపిండిలో నత్రజని సుమారు 5 శాతం, ఆముదపు పిండిలో 4 శాతానికి పైగా ఉంటుంది. ఆముదపు పిండి పశువులకు విషం. కొట్టంలో దాణా పక్కన నిల్వ చేయవద్దు.

కట్టెల బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి. చల్కకు కొద్దిగా వేయవచ్చు. ఇప్పటికే సున్నం ఎక్కువైన రేగడికి వద్దు. బూడిదను పెండతోనో మూత్రంతోనో కలిపి నిల్వ చేస్తే నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది. పెంటకుప్ప మీద రోజూ పొయ్యి బూడిద పోసే అలవాటును మానుకోవాలి. రాక్ ఫాస్ఫేట్ ఆమ్ల నేలల్లోనే బాగా కరుగుతుంది కనుక రేగడిలో నేరుగా చల్లితే ఫలితం నామమాత్రమే. కంపోస్టు తొట్టిలో కలిపి మాగబెట్టడం మేలు.

పచ్చిరొట్టకు జీలుగ, జనుము మనకు తెలిసినవే. ఇంగ్లీషు పుస్తకాల్లో జనుమును సన్ హెంప్ అని చూసి గంజాయి జాతి అనుకోకండి. జనుము చిక్కుడు కుటుంబానిది, వేరుబుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. గంజాయి వేరే మొక్క. దాన్ని అనుమతి లేకుండా సాగుచేయడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం, పత్తి చాళ్ళ మధ్య నాలుగు మొక్కలైనా సరే.

7. ఒక ఎకరం లెక్క

ఆదిలాబాద్‌లో వర్షాధారంగా పత్తి వేసే రేగడి ఎకరాన్ని తీసుకుందాం. జూన్‌కు ముందు నీరు ఉండదు కాబట్టి పత్తికి ముందు పచ్చిరొట్ట పెంచే వీలు లేదు. చాళ్ళ మధ్యలో జనుము విత్తి, పూతకు వచ్చేసరికి కోసి అక్కడే పరచాలి. అలా రెండున్నర టన్నుల రొట్ట వస్తే దానినుంచి సుమారు 10 కిలోల నత్రజని. నాలుగు టన్నుల పెంటలో 20 కిలోలు ఉన్నా, మొదటి సంవత్సరం పంటకు అందేది 40 శాతం అనుకుంటే 8 కిలోలు. క్వింటాలు వేపపిండి నుంచి 5 కిలోలు. అయిదుసార్లు జీవామృతం నుంచి ఒక కిలో. మొత్తం 24 కిలోలు. సిఫారసులో సగం.

ఈ సగాన్ని దాచిపెట్టి సేంద్రియ వ్యవసాయం నేర్పడం రైతును మోసగించడమే అవుతుంది. మిగిలిన సగంలో కొంత, ఏటేటా పేరుకునే పెంట నుంచి రెండవ, మూడవ సంవత్సరాల్లో అందుతుంది. కంది, సోయాచిక్కుడు వంటి పంటలతో మార్పిడి చేస్తే మరికొంత. అప్పటివరకు దిగుబడి తగ్గే అవకాశాన్ని లెక్కలో వేసుకోవాలి. సేంద్రియ ధృవీకరణ కోరేవారు మరో చిక్కును కూడా గుర్తుంచుకోవాలి. ఆ నిబంధనలు జన్యుమార్పిడి విత్తనాన్ని అనుమతించవు. మార్కెట్లో దొరికే పత్తి విత్తనమేమో దాదాపు అంతా బీటీ.

నాలుగు టన్నుల పెంట అంటే ఎన్ని పశువులు? నాటు ఆవు రోజుకు పది కిలోల పెండ వేస్తే సంవత్సరానికి మూడున్నర టన్నులు. మాగిన తరువాత సగమే మిగులుతుంది. అంటే ఎకరానికి కనీసం రెండు పశువులు. దున్నడానికి ట్రాక్టరు వచ్చి ఎడ్లు అమ్ముడుపోయిన ఇంట్లో అయిదెకరాలను ఒకేసారి మార్చాలనుకోవడం ఎందుకు కుదరదో ఈ లెక్కే చెబుతుంది. ఉన్న పెంటకు సరిపడా ఒక ఎకరంతో మొదలుపెట్టి, దానికి విడిగా ఖర్చు, దిగుబడి రాసుకోవాలి.

జగిత్యాల వైపు చల్కలో అర ఎకరం పసుపు అయితే క్రమం మారుతుంది. వేసవిలో 15 ట్రాలీల చెరువు మట్టి, ఆఖరి దుక్కిలో అయిదు టన్నుల మాగిన పెంట, క్వింటాలు వేపపిండి. దుంప నాటిన వెంటనే పచ్చి ఆకుతోనో గడ్డితోనో ఆచ్ఛాదన. జీవామృతం ఆ ఆచ్ఛాదన కింది తడిమట్టిలో పోయాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో కాదు. చల్కలో పోషకాలు నీటితో జారిపోతాయి కనుక వేపపిండిని ఒకేసారి వేయకుండా సగం నాటేటప్పుడు, మిగతా సగం మట్టి ఎగదోసేటప్పుడు వేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లో ఎన్ని పశువులున్నాయి? వాటినుంచి ఏడాదికి వచ్చే మాగిన పెంట ఎన్ని టన్నులు? దానిలోని నత్రజనిలో మొదటి సంవత్సరం పంటకు అందే భాగం ఎంత? మీ పంటకు సిఫారసు చేసిన మోతాదులో అది ఎన్నో వంతు? పశువులు లేనివారు పక్కింటి రైతును అడిగి ఈ లెక్క చేయండి.