చిన్న ఇంట్లో గ్రే డైనింగ్ టేబుల్: కంటికి కనిపించేది, కనిపించనిది

షోరూమ్‌లో చూసినప్పుడు చక్కటి గ్రే. ఇంటికి తెచ్చి లేత పసుపు గోడ పక్కన వేసేసరికి అదే బల్ల కాస్త నీలం తిరిగినట్టు కనిపిస్తుంది. రాత్రి పసుపు వెలుగు బల్బు వేస్తే మట్టి రంగు. దుకాణదారు వేరే సరుకు పంపాడేమోనని అనుమానించేవారూ ఉంటారు. చాలాసార్లు మారింది బల్ల కాదు. దాని మీద పడే వెలుతురు, దాని చుట్టూ ఉన్న రంగులు మారాయి.

కంటికి కనిపించే తరంగదైర్ఘ్యాలన్నింటినీ దాదాపు సమానంగా, అయితే కొంత భాగాన్ని మాత్రమే తిప్పి పంపే ఉపరితలం మనకు బూడిద రంగులో కనిపిస్తుంది. నలుపుకూ తెలుపుకూ సరిగ్గా నడిమధ్యలో ఉన్నట్టు అనిపించే గ్రే, తన మీద పడిన వెలుతురులో సగాన్ని తిప్పి పంపుతుందనుకుంటాం. నిజానికి అది తిప్పి పంపేది దాదాపు 18 శాతమే. కాంతి పెరిగిన నిష్పత్తిలో మన కంటికి ప్రకాశం పెరిగినట్టు అనిపించదు కాబట్టే ఈ తేడా. అందుకే మసక వెలుతురు ఉన్న గదిలో, నమూనా ముక్క మీద ఓ మోస్తరుగా కనిపించిన గ్రే, నాలుగడుగుల బల్ల రూపంలో వచ్చేసరికి బరువుగా, ముదురుగా తోస్తుంది.

గ్రేని తయారుచేసే పద్ధతి కూడా ఒకటి కాదు. తెల్లటి టైటానియం డయాక్సైడ్‌లో కార్బన్ బ్లాక్ కలిపితే గ్రే వస్తుంది. కార్బన్ రేణువుల పరిమాణాన్ని బట్టి దానిలో నీలి ఛాయో, గోధుమ ఛాయో తొంగిచూస్తుంది. రంగురంగుల వర్ణకాలు కలిపీ గ్రే రప్పించవచ్చు. ఇలా రెండు రకాలుగా చేసిన బల్ల, కుర్చీలు పగటి వెలుతురులో ఒకేలా ఉండి, ట్యూబ్‌లైటు కింద విడిపోయి కనిపించవచ్చు. ఈ లక్షణాన్ని మెటామెరిజం అంటారు. బల్ల ఒక చోట, కుర్చీలు మరో చోట కొనేవారికి ఎదురయ్యే చిక్కు ఇదే. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉంటే ఆ వెలుగులో పసుపు, ఎరుపు పాలు ఎక్కువ. 6500 కెల్విన్ అయితే నీలం పాలు ఎక్కువ. ఎరుపు, నీలం వస్తువుల్లో ఈ తేడా అంతగా బయటపడకపోవచ్చు. తనకంటూ గట్టి రంగు లేని గ్రే మాత్రం దీన్ని దాచలేదు.

పక్కనున్న రంగు ప్రభావం సంగతి ఫ్రాన్స్‌లో ఓ ఫిర్యాదు నుంచి బయటపడింది. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి 1824లో అధిపతిగా వచ్చిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రోల్‌కు, నల్ల దారం సరిగా నల్లగా లేదని నేతగాళ్ల నుంచి ఆరోపణలు అందాయి. ఆయన పరీక్షించి చూస్తే దారంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ఈ పరిశీలనలను ఆయన 1839లో పుస్తకంగా వెలువరించారు. పసుపు గోడ పక్కన గ్రే నీలంగా, ఇటుక ఎరుపు పక్కన కాస్త ఆకుపచ్చగా తోచడం వెనక ఉన్నదీ ఈ ప్రభావమే.

గ్రే ఫర్నిచర్ వేస్తే చిన్న గది పెద్దదిగా కనిపిస్తుందన్న మాట దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. దాన్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. జర్మనీలోని మైంజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో, గది ఎత్తుగా తోచడానికి తోడ్పడింది పైకప్పు, గోడల లేత రంగులు. నేల రంగు ప్రభావం పెద్దగా కనిపించలేదు. బల్ల చేసేది వేరే పని. నేలకూ గోడకూ దగ్గరి ఛాయలో ఉంటే దాని అంచులు కంటికి గట్టిగా తగలవు. గది నిండిపోయినట్టు అనిపించదు.

ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. అంచులు కంటికి తగలకపోతే కాలికి తగులుతాయి. 2015–19 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వానికి 66.2 శాతం కారణం చికిత్స అందని కంటి శుక్లమే. శుక్లం పూర్తిగా ముదరక ముందే, మసకబారిన కటకం కాంతిని చెదరగొట్టి, దగ్గరి ఛాయల మధ్య తేడాను చెరిపేస్తుంది. గ్రే టైల్స్ మీద గ్రే కుర్చీ, బయటికి చాచుకున్న దాని కాళ్లు అమ్మమ్మకో తాతయ్యకో కనిపించకపోవచ్చు. బ్రిటన్ భవన ప్రమాణాల్లో ఇందుకో కొలత ఉంది. నలుపును 0గా, తెలుపును 100గా తీసుకుని ఉపరితలాలు కాంతిని తిప్పి పంపే విలువను లెక్కిస్తే, విడివిడిగా కనిపించాల్సిన వాటి మధ్య కనీసం 30 తేడా ఉండాలి.

బల్ల మీద పెట్టే కంచం సంగతీ ఇంతే. అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఓ అధ్యయనంలో, ముదిరిన అల్జీమర్స్ ఉన్న 9 మందికి తెల్ల పాత్రల బదులు ముదురు ఎరుపు పాత్రల్లో వడ్డిస్తే 25 శాతం ఎక్కువ తిన్నారు, 84 శాతం ఎక్కువ తాగారు. చాలా చిన్న అధ్యయనం కాబట్టి అంకెలను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. మన ఇళ్లలో మాత్రం గ్రే బల్ల మీదకు వచ్చేది స్టీలు కంచం, స్టీలు గ్లాసు. గ్రే మీద గ్రే. చూపు తగ్గిన పెద్దలకు గ్లాసు అంచు ఎక్కడుందో దొరకదు. కంచం కింద ముదురు రంగు గుడ్డ పరిస్తే ఖర్చు లేకుండా ఈ సమస్య తీరుతుంది.

ఇక కొలతలు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం నివాస గదికి కనీస వైశాల్యం 9.5 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 2.4 మీటర్లు. నలుగురు కూర్చునే బల్ల సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు. కుర్చీ వెనక్కి జరిపి కూర్చోవడానికి మరో 75 కావాలి. బల్లను నడుమ వేస్తే అటూ ఇటూ కలిపి 225 పోతుంది, నడవడానికి 15 సెంటీమీటర్లు మిగులుతాయి. అదే బల్ల పొడవు వైపును గోడకు ఆనిస్తే 90 సెంటీమీటర్ల దారి దొరుకుతుంది.

కుర్చీ ఎత్తును అడిగేవారు తక్కువ. బజారులో దొరికేవి చాలావరకు 45 సెంటీమీటర్లు. మోకాలి వెనక మడత నేల నుంచి ఉండే ఎత్తు సుమారుగా మనిషి ఎత్తులో నాలుగో వంతు. భారతీయ మహిళల సగటు ఎత్తు 152 సెంటీమీటర్లు అనుకుంటే అది 38 అవుతుంది. పైగా మనం ఇంట్లో చెప్పులు వేసుకుని భోజనానికి కూర్చోం. పాదాలు గాల్లో వేలాడితే కుర్చీ అంచు తొడల కింద నొక్కి రక్తప్రసరణకు అడ్డుపడుతుంది. కుర్చీ ఒక్కదాన్నే కోయిస్తే బల్ల ఎత్తైపోతుంది. రెంటి మధ్య 27 నుంచి 30 సెంటీమీటర్ల తేడా ఉండాలి కనుక కోయిస్తే రెంటినీ కోయించాలి, లేదా కాళ్ల కింద పీట వేసుకోవాలి.

కలప సహజంగా బూడిద రంగులో ఉండటం అరుదు. ఏళ్ల తరబడి ఎండకు లిగ్నిన్ విచ్ఛిన్నమై, వానకు కొట్టుకుపోతే తప్ప చెక్కకు ఆ వెండి ఛాయ రాదు. కాబట్టి తక్కువ ధర గ్రే బల్ల అంటే ఎక్కువగా పార్టికల్ బోర్డు లేదా ఎండీఎఫ్ మీద అంటించిన రంగు కాగితమో, సన్‌మైకా షీటో. ఆ బోర్డును పట్టి ఉంచే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తేమకు, వేడికి మెల్లగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. ఇది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ధారించింది. గదిలో దీని మోతాదు అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

‘ఈ1’ ముద్ర ఉన్న బోర్డు మేలే. అయితే ఆ యూరోపియన్ పరీక్షను 23 డిగ్రీల వేడిమి, 45 శాతం తేమ ఉన్న పెట్టెలో, గంటకోసారి గాలి మారేలా చేస్తారు. మే నెలలో విశాఖలోనో చెన్నైలోనో కిటికీలు మూసి ఉన్న గది అలా ఉండదు. గది చిన్నదైన కొద్దీ, అందులోని బోర్డు వైశాల్యం పెరిగిన కొద్దీ వాయువు సాంద్రత పెరుగుతుంది. వాయువు ఎక్కువగా తప్పించుకునేది పైన మెరిసే ముఖం నుంచి కాదు, మూతలేని అంచులు, మర రంధ్రాలు, ఎవరూ చూడని అడుగుభాగం నుంచి. కొనేముందు వంగి బల్ల కింద చెయ్యి పెట్టి చూడాలి. గరుకుగా రంపపు పొట్టులా తగిలితే ఆ వైపు కూడా షీటు అంటించి, అంచులకు పట్టీ వేసి ఇమ్మని అడగాలి. కొత్త బల్ల వచ్చిన తొలి వారాల్లో కిటికీలు తెరిచి ఉంచాలి. వాయువు విడుదల మొదట్లోనే ఎక్కువగా ఉంటుంది.