పలక కంటే ముందు పెసల గ్లాసు

జూన్ వచ్చి బడులు తెరిచారంటే చాలు, తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "పక్కింటి పాప అప్పుడే అఆలు రాసేస్తోంది టీచరుగారూ! మావాడేమిటి, మీ దగ్గర ఇంకా పెసలు పోసుకుంటూ కూర్చున్నాడు?"

మూడేళ్ల వాడి చెయ్యి పట్టుకుని దిద్దిస్తే నాలుగు అక్షరాలు వచ్చే మాట నిజమే. కానీ ఆ వేళ్లకు ఇంకా పట్టు కుదరదు. బలపాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంటాడు. చెయ్యి నొప్పెడుతుంది, గీత వంకర పోతుంది, మనం కసురుకుంటాం. కొన్నాళ్లిలా జరిగితే "నాకు రాయడం రాదు" అని వాడే తేల్చేసుకుంటాడు. చదువంటే విసుగు పుట్టేది ఇక్కడే.

ఇటలీకి చెందిన డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో, పేదలుండే శాన్ లొరెంజో పేటలో తన తొలి బడి తెరిచారు. 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో ప్రతి పనీ తర్వాతి పనికి చేతిని సిద్ధం చేస్తుంది. ఈ మెట్లు ఇంట్లోనూ ఎక్కించవచ్చు. ఖరీదైన సామాను అక్కర్లేదు.

మొదటి మెట్టు పోయడం. పళ్లెంలో రెండు చిన్న గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో సగానికి పెసలు పోయండి. ఎడమ గ్లాసులోంచి కుడి గ్లాసులోకి నెమ్మదిగా వంచి చూపించండి. ఆ కాసేపూ మాట్లాడకండి, మీ చేతిని చూడనివ్వండి. అది బాగా వచ్చాక నీళ్లు ఇవ్వండి. ఒలికితే తుడవడానికి చిన్న గుడ్డ పక్కనే ఉంచండి. తుడవడమూ పాఠమే. గింజలు ముక్కులో, నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి మీరు దగ్గరే ఉండాలి సుమా!

రెండో మెట్టు బొత్తాలు. పాత చొక్కాను పీట మీద పరిచి పెట్టించండి, తీయించండి. ముందు పెద్ద బొత్తాలు, తర్వాత చిన్నవి. మా బడిలో ఇలా వేళ్లకు పని చెప్పడానికి గుంటల్లో అమర్చే కొయ్య సిలిండర్లుంటాయి. వాటిపైనున్న చిన్న పిడిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టుకోవాలి. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ మూడు వేళ్లే. వేరే గుంటలో పెడితే చివరికి ఒకటి పట్టకుండా మిగులుతుంది. "తప్పు" అని మనం అనక్కర్లేదు, వాడికే తెలుస్తుంది. ఇంట్లో ఒకదాంట్లో ఒకటి పట్టే స్టీలు డబ్బాలిచ్చి చూడండి.

మూడో మెట్టు గరుకు అక్షరాలు. వడ్రంగులు వాడే గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టల మీద అంటించండి. రాసే వరసలోనే చూపుడువేలు, మధ్యవేలితో తడిమిస్తూ ఆ అక్షరాన్ని పలకండి. వీధిబడుల్లో ఇసుకలో దిద్దిన మన పెద్దలకు ఇది మరీ కొత్తేమీ కాదు. రోజుకు రెండక్షరాలు చాలు. అవి పోలిక లేనివైతే మేలు. "ఇది గ, ఇది మ" అని చెప్పండి. కొంతసేపయ్యాక "మ ఏదీ?" అని అడగండి. తడుముకోకుండా చూపించాకే "ఇదేమిటి?" అనండి. చూపించలేకపోతే మందలించకుండా అట్టలు తీసి దాచేసి, మర్నాడు మొదటినుంచి చెప్పండి. చాలామంది తల్లులు మొదటిరోజే మూడో ప్రశ్న వేసేస్తారు. పిల్లలు బెదిరేది అందుకే.

ఏ మెట్టు మీద ఎన్నాళ్లుండాలో వాడినే తేల్చుకోనివ్వండి. అదే పని పదిసార్లు చేస్తున్నా "ఇక చాల్లే" అని లాక్కోకండి. అక్కడే వాడి వేలు గట్టిపడుతోంది, మనసు నిలుస్తోంది. పక్కింటి పాపతో పోలిక అసలే వద్దు. ఈ ఆదివారం వంటింట్లోంచి రెండు గ్లాసులు, గుప్పెడు పెసలు తెచ్చి వాడి ముందు పెట్టండి. పలకను ఇంకొన్నాళ్లు గూట్లోనే ఉండనివ్వండి.