గోడకుర్చీ ఒక్కటే చాలదు

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని భద్రావతి చాపలా చదునైన ఊరు. సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తు. ఎక్కి దిగాలంటే గుహలున్న విజాసన్ గుట్టే గతి. మే నెలలో చంద్రపూర్ జిల్లా మొత్తం 46, 47 డిగ్రీల్లో మాడిపోతుంది. అయినా ఈ జిల్లాకి మంచు కొత్త కాదు. 'మిషన్ శౌర్య' పేరిట ఇక్కడి ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ విద్యార్థులు 2018 మేలో ఎవరెస్ట్ ఎక్కి వచ్చారు. నెలల తరబడి శిక్షణ పొందాకే బయల్దేరారు వాళ్ళు. మనమో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వారం రోజుల స్కీయింగ్‌కి డబ్బు కట్టేస్తాం, స్వెట్టర్లు కొంటాం, కాళ్ళ సంగతి మరిచిపోతాం.

జారేది స్కీ పలకలే కదా, నిలబడితే చాలదా? చాలదు. వాలు మీద మోకాళ్ళు వంచి జారుతున్నప్పుడు తొడ ముందు కండరం బిగిసి ఉంటూనే సాగుతుంది. అటక మీంచి బియ్యం బస్తాను తాడుతో దించే చేతుల్లాగ: పట్టు వదలకూడదు, తాడు మాత్రం జారాలి. దీని పేరు ఎక్సెంట్రిక్ పని.

1952లో ఇంగ్లండ్‌లో అబట్, బిగ్లాండ్, రిచీ అనే శాస్త్రవేత్తలు రెండు సైకిళ్ళను ఒకే గొలుసుతో కలిపి ఓ ప్రయోగం చేశారు. ఒకరు పెడళ్ళు తొక్కాలి, రెండోవారు అవి తిరుగుతుంటే అడ్డుకోవాలి. ఇద్దరి బలమూ సమానమే. కానీ అడ్డుకున్నవారికి ఖర్చయిన ఆక్సిజన్ చాలా తక్కువ! అంత బలాన్నీ కొద్దిపాటి కండర పోగులే మోయడం దీనికి ముఖ్య కారణం. మోసే పోగులు తక్కువైతే ఒక్కో పోగు మీద బరువు ఎక్కువ, సూక్ష్మమైన చిరుగులూ ఎక్కువే. తిరుమల మెట్లు నడిచి దిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. దిగుతున్నప్పుడు ఆయాసం ఉండదు, మర్నాడు కుర్చీలో కూర్చోబోతే తెలుస్తుంది. నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అంటే సరిగ్గా సెలవులో రెండో రోజు, మూడో రోజు.

కండరానికి ఓ మంచి గుణముంది: ఇలాంటి దెబ్బ ఒకసారి తింటే, తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా చిరగదు. అందుకే ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, ఇంటి మెట్ల మీదే మొదలెట్టాలి. మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమ కింది మెట్టుకి తగిలేదాకా నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. మోకాలు లోపలికి వాలకూడదు. మనకి బడిలో శిక్షగా తెలిసిన గోడకుర్చీని స్కీయింగ్ దేశాల్లో సాధనగా చేయిస్తారు. మంచిదే, కానీ అందులో కండరం సాగదు, కదలకుండా బిగుసుకుంటుంది. నన్నడిగితే గుంజీళ్ళే మేలు, కిందికి దిగడం మాత్రం తాపీగా. తొడ వెనక కండరాలకు సేతుబంధాసనం. వారానికి మూడుసార్లు, మధ్యలో ఒక రోజు విరామం. మోకాళ్ళ నొప్పులో గుండె జబ్బో ఉంటే ముందు డాక్టరు.

ఇక గాయాలు. 1970ల తర్వాత, పడగానే బూటును వదిలేసే బిగింపులు మెరుగై కాలి ఎముకలు విరగడం తగ్గింది. మోకాలికి ఆ రక్ష అంతగా లేదు. వెనక్కి పడుతున్నప్పుడు పలక తోక లివరులా పనిచేసి మోకాలిని మెలితిప్పుతుంది, లోపలున్న ఏసీఎల్ అనే లిగమెంటు తెగుతుంది. అమెరికాలోని వెర్మాంట్ పరిశోధకుల బృందం స్కీ సిబ్బందికి పడే పద్ధతి నేర్పితే తీవ్రమైన మోకాలి గాయాలు 62 శాతం తగ్గాయని 1995లో ప్రకటించింది. నేర్పింది చాలా చిన్న విషయం: చేతులు ముందుకే ఉంచు, పడుతుంటే కాళ్ళు చాచకు, జారడం ఆగేదాకా లేవబోకు. మనకి ఒంట్లో పుట్టే తొందర సరిగ్గా దీనికి ఎదురు.

ఔలీ ఎత్తు 2,500 మీటర్లకు పైమాటే. రైలు దిగి తిన్నగా పైకి పోకుండా దిగువన జోషీమఠ్‌లో ఒక రాత్రి గడిపితే మంచిది. తలనొప్పి, వికారం ఉంటే మరింత పైకి ఎక్కకూడదు.

పలకలు అద్దెకిచ్చేచోట బరువు, ఎత్తు, వయసు, అనుభవం అడుగుతారు. బిగింపుల బిగుతు పెట్టేది ఆ లెక్కతోనే. "కాస్త వచ్చులెండి" అని గొప్ప చెప్పుకుంటే బిగుతు పెరుగుతుంది, విడిపోవాల్సిన క్షణాన బూటు విడిపోదు. బరువు తగ్గించి చెబితే మామూలు మలుపులోనే ఊడివస్తుంది.