చేపల పడవలో బ్యాటరీ

చిన్న చేపల పడవలలో దీపాలకు, జి.పి.ఎస్. పరికరానికి, వి.హెచ్.ఎఫ్. రేడియోకు, నీటి లోతును, చేపల జాడను తెలిపే ఎకో సౌండరుకు విద్యుత్తునిచ్చేది సాధారణంగా 12 వోల్టుల సీసపు ఆమ్ల బ్యాటరీ. ఆంధ్ర తీరంలో కొయ్య తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చి, వాటికి ఇంజన్లు అమరి, వేట ఒడ్డుకు దూరంగా సాగినకొద్దీ దీని ప్రాధాన్యం పెరిగింది. తాడు లాగి నడిపే చిన్న ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీని తిరిగి నింపే ఏర్పాటు ఉండదు. అందుచేత ఒడ్డున నింపుకొన్న విద్యుత్తుతోనే మళ్ళీ ఒడ్డు చేరవలసి ఉంటుంది. నడిసముద్రంలో అది అయిపోతే దిశ తెలియదు, సహాయం కోరే వీలుండదు, చీకటిలో వచ్చే ఓడకు పడవ కనబడదు.

బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే ఇంకా పెద్దది కొనాలని చాలామంది భావిస్తారు. వాడకం తగ్గించడం, తీగలలో నష్టాన్ని అరికట్టడం, ఒడ్డున పూర్తిగా నింపడం అంతకంటే చౌకైన మార్గాలు.

ఆంపియర్-గంటల లెక్క

బ్యాటరీపై 80 ఆంపియర్-గంటలు అని ఉంటే, సాధారణంగా అది గంటకు 4 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని అర్థం కాదు. 4 ఆంపియర్ల ప్రవాహాన్ని ఎడతెగక 20 గంటలు ఇస్తుందని అర్థం. ఆంపియరు ప్రవాహానికి ప్రమాణం గనుక "గంటకు ఇన్ని ఆంపియర్లు" అనడం సరికాదు. అదే బ్యాటరీ నుండి 20 ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం 4 గంటలు రావాలి, కాని సుమారు 3 గంటలే వస్తుంది. ప్రవాహం హెచ్చినకొద్దీ లభించే మొత్తం తగ్గుతుందన్న ఈ నియమాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్యూకర్ట్ 1897లో ప్రకటించాడు. పైగా ప్రతిసారీ అడుగంటా వాడితే పలకలు త్వరగా చెడిపోతాయి. సగం వరకే వాడడం మంచిది. అంటే 80లో చేతికి వచ్చేవి 40 మాత్రమే.

ఒక రాత్రి వేటను ఉదాహరణగా తీసుకొందాం. పది వాట్ల తంతు దీపాలు నాలుగు వెలిగితే 40 వాట్లు, అనగా సుమారు 3.3 ఆంపియర్లు. పన్నెండు గంటలకు 40 ఆంపియర్-గంటలు. వాడదగిన విద్యుత్తంతా దీపాలకే సరిపోయింది, రేడియోకు, జి.పి.ఎస్.కు ఏమీ మిగలలేదు. వాటి స్థానంలో రెండు వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు అమర్చితే అదే రాత్రికి 8 ఆంపియర్-గంటలు చాలు. జి.పి.ఎస్., సౌండరు కలిసి 10, వినికిడిలో ఉంచిన రేడియో 5 తీసుకొన్నా మొత్తం 23. ఏ ఇతర మార్పూ ఇంత మేలు చేయదు.

దీపాలు మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం ట్రాలు వల కాక ఇతర వలలతో వేటాడే పడవ పైన ఎరుపు, దాని కింద తెలుపు దీపాలను చుట్టూ కనబడేలా చూపాలి; నీటిలో కదులుతున్నప్పుడు పక్క దీపాలు, వెనుక దీపం కూడా ఉండాలి. ఎర్ర అద్దం వెనుక తెల్ల ఎల్.ఇ.డి. పెడితే రంగు వెలవెలబోవచ్చు. అద్దం ఏ రంగో దీపమూ ఆ రంగుదే కావాలి. రెండవది, నాసిరకం ఎల్.ఇ.డి. దీపాలు రేడియోలో గరగర శబ్దం పుట్టిస్తాయి. కొన్నప్పుడే రేడియో పెట్టి పరీక్షించాలి. చేపలను ఆకర్షించడానికి కాంతివంతమైన దీపాలు వాడడాన్ని భారత ప్రభుత్వం 2017లో నిషేధించింది; గుర్తింపు దీపాలకు ఆ నిషేధంతో సంబంధం లేదు.

తీగలలో నష్టం

బ్యాటరీలో విద్యుత్తు ఉండగానే రేడియో ఆగిపోవడం కద్దు. కారణం ఓమ్ నియమం చదివిన విద్యార్థికి తెలిసినదే. బ్యాటరీకి, రేడియోకు మధ్య పది మీటర్ల దూరం ఉంటే రానుపోను 20 మీటర్ల తీగ. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు ఆ పొడవున సుమారు 0.23 ఓముల నిరోధం ఉంటుంది. రేడియోలో 25 వాట్ల శక్తితో మాట్లాడేటప్పుడు 5 ఆంపియర్లు ప్రవహిస్తే తీగలోనే ఒక వోల్టుకు పైగా పోతుంది. ఉప్పుగాలికి కొసలు పచ్చగా చిలుము పట్టితే మరికొంత. కాబట్టి లావు తీగ వేయడం, కొసలను శుభ్రపరచి పెట్రోలియం జెల్లీ పూయడం చాలా అవసరం. దగ్గరి పడవతో మాట్లాడడానికి 1 వాటు చాలు; అప్పుడు ప్రవాహం సుమారు ఒక ఆంపియరే.

బ్యాటరీ తగ్గిపోతున్నప్పుడు ముందుగా సౌండరును ఆపాలి. జి.పి.ఎస్.ను గంటకొకసారి వెలిగించి స్థానం రాసుకొని ఆపవచ్చు. అపాయ సందేశాలకు కేటాయించిన 16వ ఛానెలుపై ఉంచిన రేడియోను, గుర్తింపు దీపాలను చివరి వరకు నిలుపుకోవాలి.

ఒడ్డున సంరక్షణ

సీసపు బ్యాటరీ మొదటి ఎనభై శాతం త్వరగా నిండుతుంది. మిగిలిన ఇరవై శాతానికి చాలా గంటలు పడుతుంది. ఉదయం వచ్చి అర్ధరాత్రికే మళ్ళీ బయలుదేరే పడవలలో ఈ చివరి భాగం ఎన్నడూ నిండదు. డిశ్చార్జి సమయంలో పలకలపై ఏర్పడిన సీసపు సల్ఫేటు తిరిగి కరగక గట్టి స్ఫటికాలుగా మారుతుంది. నాలుగైదు రోజులకొకసారి అయినా పూర్తిగా నింపాలి. నిండినదో లేదో హైడ్రోమీటరు తేలుస్తుంది: నిండిన ఘటంలో ఆమ్లపు సాంద్రత సుమారు 1.26 నుండి 1.28, సగానికి 1.20 ప్రాంతం. ఈ కొలత మూతలు తెరవగల బ్యాటరీలకే వర్తిస్తుంది. అయితే వాటిలోకి సముద్రపు నీరు చేరితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది గనుక, కెరటాలు పైకి వచ్చే పడవకు మూసి ఉన్న రకమే క్షేమం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవలకు వేట నిషేధం. ఎక్కువ బ్యాటరీలు చెడిపోయేది ఈ విశ్రాంతి కాలంలోనే అనవచ్చు. చివరి వేట నుండి వచ్చిన బ్యాటరీని సగం ఖాళీగా పడవలోనే వదిలేస్తే ఎండవేడికి అది తనంతట తానే ఇంకా ఖాళీ అవుతుంది, సల్ఫేటు గట్టిపడుతుంది. పూర్తిగా నింపి, తీగలు విప్పి, నీడలో ఉంచి నెలకొకసారి నింపుతూ ఉంటే చాలు. సిమెంటు గచ్చుపై పెడితే ఛార్జి దిగిపోతుందన్న నమ్మకం నేటి ప్లాస్టిక్ పెట్టెల విషయంలో నిజం కాదు.

లిథియం బ్యాటరీలు

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు తక్కువ. ఉన్నదానిలో ఎనభై శాతం పైగా నిశ్చింతగా వాడవచ్చు. ధర మాత్రం ఎక్కువ. సీసపు బ్యాటరీ నీరసించేటప్పుడు తంతు దీపం మసకబారి ముందుగా హెచ్చరిస్తుంది. లిథియం బ్యాటరీ వోల్టేజి దాదాపు చివరి వరకు మారదు. లోపలి రక్షణ వలయం ఒక్కసారిగా విద్యుత్తును ఆపివేస్తుంది. కనుక దానితోపాటు ఆంపియర్-గంటలు లెక్కించే మీటరును కూడా అమర్చుకోవాలి.