క్యాప్ కింద ఏముంది?

కరీంనగర్‌లో గానీ ఆదిలాబాద్‌లో గానీ రూట్ కెనాల్‌కు సిద్ధపడ్డ మనిషి అడిగేవి మామూలుగా రెండే: ఎంతవుతుంది, క్యాప్ ఏ రకంది. బేరమంతా పింగాణీ, జిర్కోనియాల చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే అద్దంలో కనబడేది అదే. పైన పూడిక, క్యాప్ సందు లేకుండా కూర్చోవాలి, నిజమే. లేకపోతే ఉమ్మితో పాటు క్రిములు మళ్లీ లోపలికి దిగుతాయి. కానీ వేరు లోపల కడగడం సరిగ్గా జరగని పన్నుకు ఎంత ఖరీదైన క్యాప్ తొడిగినా, ఏడాదికో రెండేళ్లకో చిగురు మీద చీము పొక్కు లేవొచ్చు.

అసలు శత్రువు ఎవరో 1965లోనే తేలింది. పరిశోధకుడు కాకెహాషీ, ఆయన సహచరులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి పంటి లోపలి గుజ్జు బయటపడేలా వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చి చీము పట్టింది. క్రిములే లేని చోట పెంచిన ఎలుకల్లో మాత్రం, తిండి ఇరుక్కున్నా, గాయం మీద కొత్త పొర కట్టింది. అంటే క్రిములను తీసేయడమే వైద్యం. ఆ పని వేరు లోపల గీకే సన్నని పరికరం, అంటే ఫైలు, ఒక్కటే చేయలేదు. వేరులోని దారి గుండ్రటి గొట్టం కాదు. పక్కకు చీలికలు, సన్నని పాయలు ఉంటాయి, పైదవడ మొదటి పెద్దపన్నులో చాలాసార్లు నాలుగో దారి దాక్కుని ఉంటుంది. 2001లో పీటర్స్ బృందం సూక్ష్మ స్కానింగ్‌తో చూస్తే, ఏ రకం ఫైలు వాడినా లోపలి గోడలో 35 శాతమో అంతకన్నా ఎక్కువో దాని రాపిడే తగలకుండా మిగిలింది. అక్కడికి చేరగలిగేది ద్రవమే. అది కూడా ఏ ద్రవమైతే ఏమిటని కాదు. స్వీడన్‌లో బిస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ 1983లో ప్రచురించిన పరిశీలనలో, ఐదో సిట్టింగ్‌కు వచ్చేసరికి ఉప్పునీటితో కడిగిన 15 దారుల్లో 8, అర శాతం హైపోక్లోరైట్‌తో కడిగిన 15లో 12 క్రిములు దొరకని స్థితికి వచ్చాయి. చచ్చిన కణజాలాన్ని కరిగించే గుణం ఉప్పునీటికి లేదు. ఫైలు గీకినప్పుడు గోడకు మెత్తుకునే పొడిని తీయడానికి ఈడీటీఏ అనే మరో ద్రవం కావాలి. హైపోక్లోరైట్ పని చేస్తున్న కొద్దీ బలం తగ్గుతుంది గనుక కొత్తది పోస్తూనే ఉండాలి. అంటే కావలసింది సమయం.

చిన్న ఊరి క్లినిక్‌కు ఇవన్నీ ఎక్కడివి అనొచ్చు. హైపోక్లోరైట్ అంటే బట్టల బ్లీచ్‌లో ఉండే మందే, ఖరీదైనది కాదు. పన్ను చుట్టూ బిగించి ఉమ్మిని ఆపే రబ్బర్ డ్యామ్ 1864 నుంచీ ఉంది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ప్రమాదం గురించి: హైపోక్లోరైట్ వేరు కొన దాటితే భరించలేని నొప్పి, మొహం వాపు. ఆ భయంతో ఉప్పునీటితో సరిపెట్టడం మాత్రం జవాబు కాదు. వేరు పొడవు కొలిచి, పక్కన రంధ్రమున్న సూదిని దారిలో బిగుసుకోనివ్వకుండా, మెల్లగా పోస్తే ఆ ముప్పు చాలా తగ్గుతుంది.

ఇక దూరం సంగతి. 2016లో ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైనా, ఉట్నూరు వైపు గూడేల నుంచి వచ్చే కూలీకి ప్రతి సిట్టింగూ ఒక రోజు కూలి పోయినట్టే. ఒక్కరోజులో కానిచ్చేయమనడం న్యాయమైన కోరికే. ఒకే సిట్టింగా, ఎక్కువ సిట్టింగులా అన్నదాంట్లో ఫలితానికి స్పష్టమైన తేడా కనబడలేదని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సమీక్షలే చెప్పాయి, మొదటి వారం నొప్పి మాత్రం ఒకే సిట్టింగ్‌లో కాస్త ఎక్కువ. తగ్గించకూడనివి కడిగే నిమిషాలే. పీకేస్తే పీడ పోతుంది కదా అంటే, చిగురు కిందికి చీలిన పన్నుకు ఆ మాట సరే. నిలబెట్టగలిగిన దవడపన్నును పీకితే నమలడానికి ఆ వైపు ఒక పన్ను తగ్గినట్టే. కాబట్టి క్యాప్ ధర అడిగే ముందు, రబ్బర్ డ్యామ్ వేస్తారా, దేనితో కడుగుతారు, ఎంతసేపు అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ప్రభుత్వ దవాఖానకు దంత వైద్య సామాన్లు కొనేవాళ్లను కూడా ఇదే అడగాలి, కుర్చీల లెక్క తర్వాత చూసుకోవచ్చు.